పాత్‌లిబ్ రివ్యూ: ఫోల్డర్ తప్పైతే నోరు విప్పని మంచి పనిముట్టు

ఒక ఫోల్డర్‌లో వందల టెక్స్ట్ ఫైళ్లున్నాయి. వాటిలో ఫలానా మాట ఎక్కడెక్కడ ఉందో పైథాన్‌తో వెతకాలి. దీనికి పైథాన్‌తో పాటే వచ్చే దారులు మూడు: పాతకాలపు ఓఎస్ మాడ్యూల్, గ్లోబ్ మాడ్యూల్, పాత్‌లిబ్ మాడ్యూల్. ఈ రివ్యూ మూడోదాని గురించి. తీర్పు ముందే చెప్పేస్తాను. కొత్తగా కోడ్ రాసేవాళ్లు పాత్‌లిబ్‌నే వాడాలి. కానీ ఒక లోపం తెలుసుకుని మరీ వాడాలి. వెతకాల్సిన ఫోల్డర్ అడ్రస్ తప్పుగా ఇస్తే, లోపలి ఫోల్డర్లతో సహా ఫైళ్లను పట్టుకొచ్చే దాని ఆర్‌గ్లోబ్ ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ ఫలితం చేతిలో పెడుతుంది. అంతా వెతికినా మాట దొరకలేదా, అసలు వెతకనే లేదా అన్నది బయటినుంచి తెలియదు. వెతికే పనిముట్టులో ఇంతకంటే పెద్ద లోపం ఉండదని నా అభిప్రాయం.

పాత్‌లిబ్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆంట్వాన్ పిత్రూ రాసిన పెప్ 428 (పైథాన్‌లో మార్పు కోసం పెట్టే ప్రతిపాదన) ఆధారంగా 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. అయితే నిజంగా వాడుకలోకి వచ్చింది 2016 చివర్లో వచ్చిన 3.6తోనే. మామూలు ఓపెన్ ఫంక్షన్‌కు పాత్ ఆబ్జెక్ట్‌ను నేరుగా ఇవ్వగలిగింది అప్పటినుంచే. అంతకుముందు ప్రతిచోటా స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వాల్సి వచ్చేది.

ఎక్కడ బాగా పనిచేస్తుంది

మొట్టమొదట వదిలించే తలనొప్పి ఓఎస్.లిస్ట్‌డిర్‌ది. ఆ ఫంక్షన్ ఫైళ్ల పేర్లు మాత్రమే ఇస్తుంది, పూర్తి పాత్, అంటే ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి, ఇవ్వదు. ఆ పేరును అలాగే ఓపెన్‌కు ఇస్తే పైథాన్ దాన్ని ప్రోగ్రామ్ నడుస్తున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ ఉండదు కాబట్టి ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, ఎర్ర్‌నో 2. ఇప్పుడే లిస్ట్‌లో కనిపించిన ఫైల్ లేదంటుందేమిటని కొత్తవాళ్లు గంటలు గంటలు తల పట్టుకునే చోటు ఇదే. పాత్‌లిబ్‌లోని ఇటర్‌డిర్ (ఒక ఫోల్డర్‌లో ఉన్నవాటిని వరసగా ఇచ్చేది) గానీ ఆర్‌గ్లోబ్ గానీ ఇచ్చే ప్రతి ఫైల్‌కూ మనం ఇచ్చిన ఫోల్డర్ ముందే తగిలించి ఉంటుంది. కాబట్టి ఈ తప్పు జరగడానికి ఆస్కారమే లేదు.

రెండోది స్క్వేర్ బ్రాకెట్ల గొడవ. ఫోల్డర్ పేరు 'బిల్లులు [2023]' అని ఉందనుకోండి. గ్లోబ్ మాడ్యూల్‌కు మొత్తం దారిని ఒకే ప్యాటర్న్‌గా (ఏ పేర్లు కావాలో చెప్పే నమూనాగా) ఇస్తాం కాబట్టి, ఆ బ్రాకెట్లను అది '2, 0, 3లలో ఏదో ఒక అక్షరం' అని అర్థం చేసుకుంటుంది. ఫలితం ఖాళీ. దాన్ని తప్పించడానికి గ్లోబ్.ఎస్కేప్ వాడాలని చాలామందికి తెలియదు. పాత్‌లిబ్‌లో ఫోల్డర్ వేరు, ప్యాటర్న్ వేరు. ఫోల్డర్ పేరులో ఏ గుర్తు ఉన్నా ఇబ్బంది లేదు. అలాగే గ్లోబ్‌లో రెండు నక్షత్రాలు పెట్టి, రికర్సివ్ ట్రూ అని ఇవ్వడం మరిచిపోతే అవి ఒక నక్షత్రంలాగే పనిచేస్తాయి. లోపలి ఫోల్డర్లు ఒక మెట్టు దాటి చూడదు. ఆర్‌గ్లోబ్‌కు ఆ బెడద లేదు.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లను గ్లోబ్ మాడ్యూల్ మామూలుగా వదిలేస్తుంది, పాత్‌లిబ్ వదలదు. పాత కోడ్‌ను పాత్‌లిబ్‌కు మార్చాక ఫలితాలు పెరిగితే కారణం అదే కావచ్చు.

దాని చేతిలో లేనివి

బ్యాక్‌స్లాష్ తప్పులను పాత్‌లిబ్ ఆపలేదు. అవి పాత్‌లిబ్ దాకా రాకముందే, స్ట్రింగ్ చదివేటప్పుడే జరిగిపోతాయి. సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ దారిని మామూలు కోట్స్‌లో పెడితే బ్యాక్‌స్లాష్, పెద్ద 'యూ' కలిసి యూనికోడ్ ఎస్కేప్ అవుతుంది. ప్రోగ్రామ్ మొదలుకాకముందే సింటాక్స్‌ఎర్రర్ వస్తుంది. ఇది నయం, వెంటనే తెలిసిపోతుంది. చిన్న 'ఎన్' తగిలితే కొత్త లైన్, చిన్న 'టీ' తగిలితే ట్యాబ్ అవుతుంది. అప్పుడు విండోస్‌లో వచ్చేది ఎర్ర్‌నో 22, చెల్లని ఆర్గ్యుమెంట్. అన్నిటికన్నా మాయదారి రకం అంకెలతో మొదలయ్యే ఫోల్డర్లు. డి:\2023 అని రాస్తే బ్యాక్‌స్లాష్ తర్వాతి 202ను పైథాన్ ఆక్టల్ సంఖ్యగా తీసుకుని కంటికి కనపడని ఒక్క అక్షరంగా మార్చేస్తుంది. మిగిలేది 3 ఒక్కటే. ఏడాదివారీగా ఫోల్డర్లు పెట్టుకునే ఆఫీసుల్లో ఇది తరచూ తగులుతుంది.

మందు తేలికే. విండోస్‌లో కూడా ఫార్వర్డ్ స్లాష్‌లే రాయండి, పాత్‌లిబ్ వాటిని సరిగ్గా తీసుకుంటుంది. లేదా కోట్స్ ముందు 'ఆర్' పెట్టి రా స్ట్రింగ్ చేయండి. రా స్ట్రింగ్ చివర ఒంటి బ్యాక్‌స్లాష్ ఉండకూడదు, సింటాక్స్‌ఎర్రర్ వస్తుంది. నెట్‌వర్క్ షేర్ దారికి మొదట రెండు బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి. మామూలు స్ట్రింగ్‌లో అవి ఒకటిగా మారిపోతాయి, అందుకని బ్యాక్‌స్లాష్‌లతోనే రాస్తే అక్కడ రా స్ట్రింగ్ వాడటం మేలు.

పాత్‌లిబ్ సొంతంగా పెట్టే తిరకాసులు రెండున్నాయి. స్లాష్ గుర్తుతో రెండు భాగాలు కలిపేటప్పుడు రెండో భాగం స్లాష్‌తో మొదలైతే, లినక్స్‌లో మొదటి భాగం మొత్తం మాయమై రెండోదే మిగులుతుంది. కాన్ఫిగ్ ఫైల్ నుంచి చదివిన పేరుకు ముందు ఒక స్లాష్ ఎక్కువైతే చాలు, ప్రోగ్రామ్ ఎక్కడికో వెళ్లి వెతుకుతుంది. రెండోది విండోస్‌ది. 'డి:' అని మాత్రమే ఇచ్చి దానికి ఫోల్డర్ పేరు కలిపితే డ్రైవ్ మొదలు నుంచి వెళ్లదు, ఆ డ్రైవ్‌లో ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెడుతుంది. 'డి:/' అని స్లాష్‌తో సహా ఇవ్వాలి.

టిల్డ (~) గుర్తు కూడా దానంతటదే హోమ్ ఫోల్డర్‌గా మారదు. ఎక్స్‌ప్యాండ్‌యూజర్ పిలవాలి.

ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోంది

సగం పాత్ ఎర్రర్లకు మూలం ఇక్కడుంది. దారి 'డేటా/నోట్స్' అని మొదలైతే అది స్క్రిప్ట్ ఉన్న చోటు నుంచి కాదు, ప్రోగ్రామ్‌ను నడిపిన చోటు నుంచి లెక్క. వీఎస్ కోడ్‌లో రన్ బటన్ నొక్కితే మామూలుగా ఆ చోటు మీరు తెరిచిన వర్క్‌స్పేస్ ఫోల్డర్ అవుతుంది. పైచార్మ్ మాత్రం స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌నే తీసుకుంటుంది. అందుకే ఒకరి దగ్గర నడిచిన కోడ్ పక్కవాళ్ల దగ్గర నడవదు. లినక్స్‌లో, పెట్టిన వేళకు ప్రోగ్రామ్‌లు నడిపే క్రాన్ హోమ్ ఫోల్డర్ నుంచి మొదలుపెడుతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలితే సిస్టమ్32 నుంచి నడుస్తుంది. షెడ్యూలర్‌తో ఇంకో చిక్కు, మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే మ్యాప్డ్ డ్రైవ్ అక్షరాలు దానికి కనిపించకపోవచ్చు. అక్కడ షేర్ పూర్తి అడ్రస్ ఇవ్వడమే మంచిది.

పాత్‌లిబ్ దీనికి ఇచ్చే పరిష్కారం శుభ్రంగా ఉంటుంది. పాత్‌కు __ఫైల్__ ఇచ్చి, రిజాల్వ్ పిలిచి, దాని పేరెంట్ తీసుకుంటే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ వస్తుంది. మిగతా దారులన్నీ దానికి తగిలించండి. జూపిటర్ నోట్‌బుక్‌లో, గూగుల్ కోల్యాబ్‌లో __ఫైల్__ ఉండదు, నేమ్‌ఎర్రర్ వస్తుంది. అక్కడ పాత్.సీడబ్ల్యూడీ ప్రింట్ చేసి, ఎక్కడున్నారో చూసుకుని, పూర్తి దారి ఇవ్వాలి.

డెస్క్‌టాప్ మీద ఫైళ్లు పెట్టుకునేవాళ్లు వన్‌డ్రైవ్‌ను ఒకసారి చూసుకోండి. డెస్క్‌టాప్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే అసలు డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతుంది. పాత్.హోమ్‌కు డెస్క్‌టాప్ తగిలిస్తే తెరమీద కనిపించే ఫైళ్లు ఆ దారిలో ఉండవు.

నోరు విప్పని ఆర్‌గ్లోబ్

ఇప్పుడు అసలు లోపానికి వద్దాం. లేని ఫోల్డర్ మీద ఇటర్‌డిర్ నడిపితే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. అదే ఫోల్డర్ మీద ఆర్‌గ్లోబ్ నడిపితే ఏమీ రాదు. లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ప్రోగ్రామ్ ప్రశాంతంగా ముగుస్తుంది. న్యాయంగా చెప్పాలంటే ఓఎస్.వాక్, గ్లోబ్ కూడా ఇలాగే చేస్తాయి. కానీ అన్నీ సరిచేయాలని వచ్చిన మాడ్యూల్ ఇది కూడా సరిచేసి ఉండాల్సింది. చదవడానికి అనుమతి లేని లోపలి ఫోల్డర్ల విషయంలో కూడా అంతే. 3.13కు ముందు అలాంటి ఎర్రర్లను చాలావరకు మింగేసేది, 3.13 నుంచి అన్నిటినీ మింగేస్తుంది. ఈ మార్పు ఏకరూపత కోసమే అయినా, వెతికే పనికి ఇది వెనకడుగే.

దీన్ని రెండు లైన్లతో కట్టడి చేయొచ్చు. ఫోల్డర్ దారి కట్టగానే దాని మీద రిజాల్వ్‌ను స్ట్రిక్ట్ ట్రూతో పిలవండి. దారి లేకపోతే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది, అదీ పూర్తి దారితో సహా. తర్వాత ఈజ్_డిర్‌తో అది ఫోల్డరేనా అని చూడండి. వెతికేటప్పుడు మూడు లెక్కలు పెట్టండి: ఎన్ని ఫైళ్లు కనపడ్డాయి, ఎన్ని తెరుచుకున్నాయి, ఎన్నింట్లో మాట దొరికింది. చివర్లో మూడూ ప్రింట్ చేయండి. మొదటి లెక్క సున్నా అయితే దారిలోనో ప్యాటర్న్‌లోనో తప్పుంది. మొదటికీ రెండోదానికీ తేడా వస్తే అనుమతులో, ఎన్‌కోడింగో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి). మూడోది మాత్రమే సున్నా అయితే అప్పుడు, అప్పుడు మాత్రమే, మాట లేదనుకునే ఆలోచన చేయొచ్చు.

ఆర్‌గ్లోబ్ ఇచ్చేది లిస్ట్ కాదు కాబట్టి దాన్ని 'ఇఫ్'లో పెట్టి ఖాళీయా కాదా అని చూడకండి. ఒక్క ఫైల్ లేకపోయినా అది ట్రూ అనే అంటుంది. ముందు లిస్ట్‌గా మార్చి, దాని పొడవు చూడాలి. లిస్ట్‌గా మార్చడంలో ఇంకో లాభం ఉంది. ఫలితాలను అదే ఫోల్డర్‌లో టీఎక్స్‌టీ ఫైల్‌గా రాస్తుంటే, నడుస్తున్న ఆర్‌గ్లోబ్ దాన్ని కూడా పట్టుకోవచ్చు. ముందే లిస్ట్ తీసుకుంటే ఈసారికి ఆ గొడవ ఉండదు. మళ్లీ నడిపినప్పుడు పాత ఫలితాల ఫైల్ ఎలాగూ దొరుకుతుంది, కనుక దాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టడమే మేలు.

ప్యాటర్న్ దగ్గర జరిగే తప్పుల్లో ముఖ్యమైనది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా. విండోస్‌లో చిన్న అక్షరాల ప్యాటర్న్‌కు పెద్ద అక్షరాల ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లూ దొరుకుతాయి. లినక్స్ సర్వర్‌లో దొరకవు. 3.12 నుంచి కేస్_సెన్సిటివ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, ఫాల్స్ అని ఇస్తే ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది. అంతకంటే పాత వెర్షన్‌లో అన్ని ఫైళ్లూ తీసుకుని సఫిక్స్‌ను లోయర్ చేసి పోల్చుకోవాలి. ఇక విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఎక్స్‌టెన్షన్లు దాచిపెడుతుంది కాబట్టి, మీరు చేత్తో '.టీఎక్స్‌టీ' అని టైప్ చేసిన ఫైల్‌కు అసలు పేరులో అది రెండుసార్లు ఉండొచ్చు. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి చూడండి.

కంటికి కనపడని అక్షరాలు

దారి అక్షరం అక్షరం సరిపోయినా ఫైల్ లేదంటోందంటే, కాపీ చేసిన చోటును అనుమానించాలి. ఎక్స్‌ప్లోరర్‌లో 'కాపీ యాజ్ పాత్' నొక్కితే దారి చుట్టూ డబుల్ కోట్స్ కూడా వస్తాయి. దాన్ని ఇన్‌పుట్‌లో పేస్ట్ చేస్తే ఆ కోట్స్ కూడా దారిలో భాగమైపోతాయి. స్ట్రిప్‌తో తీసేయాలి. ఫైల్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్ నుంచి కాపీ చేస్తే మొదట్లో యూనికోడ్ 202ఏ అనే కనపడని గుర్తు అంటుకుని వస్తుంది. ఎర్ర్‌నో 22 రావడానికి అదొక పేరున్న కారణం. దారిని మామూలుగా ప్రింట్ చేస్తే ఇది కనపడదు. రెప్ర్‌లో పెట్టి ప్రింట్ చేస్తే కనపడుతుంది.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు ఇంకో రెండు చిక్కులున్నాయి. 'రిపోర్ట్' అని పొల్లుతో ముగిసే పేరు చివర కొన్ని తెలుగు కీబోర్డులు కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుస్తాయి. చేర్చినా చేర్చకపోయినా పేరు ఒకేలా కనిపిస్తుంది, పైథాన్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. రెండోది ఐత్వం. 'సైన్స్' అన్న పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు కింది గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాచేది. అక్కడినుంచి వచ్చిన ఫైల్ పేరును మీరు టైప్ చేసిన పేరుతో పోలిస్తే కలవదు. పోల్చేముందు రెండింటినీ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో ఎన్ఎఫ్‌సీకి తేవాలి. పొల్లు చివరి జాయినర్‌ను మాత్రం నార్మలైజ్ తీయదు, దాన్ని రీప్లేస్‌తో విడిగా తీసేయాలి. ఫైల్ లోపల మాట వెతికేటప్పుడూ ఈ రెండు పనులూ చేయండి.

ఫైల్ తెరుచుకున్నా మాట దొరక్కపోతే

రీడ్_టెక్స్ట్ ఒక్క లైన్‌లో ఫైల్ మొత్తం చదివేస్తుంది, వాడటానికి హాయిగా ఉంటుంది. కానీ ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్‌లో సిస్టమ్ కోడ్‌పేజీ తీసుకుంటుంది. ఇంగ్లిష్ ఇండియా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లలో అది మామూలుగా సీపీ1252. దీనివల్ల తెలుగు ఫైళ్లకు ఏమవుతుందో దగ్గరనుంచి చూద్దాం. 'తెలుగు' అన్న మాటతో మొదలయ్యే యూటీఎఫ్-8 ఫైల్ తీసుకోండి. ఉకారపు గుర్తు మూడు బైట్లలో చివరిది హెక్సాలో 81. సీపీ1252లో 81కి ఏ అక్షరమూ లేదు. కాబట్టి సరిగ్గా 11వ పొజిషన్ దగ్గర యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ వస్తుంది, మెసేజ్‌లో 'చార్‌మ్యాప్' అని ఉంటుంది. పొల్లు చివరి బైట్ 8డి, దానికీ అంతే.

ఇలా ఎర్రర్ రావడం అదృష్టం. ఫైల్‌లో 'రామ' అని మాత్రమే ఉంటే అందులోని ప్రతి బైట్‌కూ సీపీ1252లో ఏదో ఒక అక్షరం ఉంది. ఎర్రర్ రాదు, పిచ్చి గుర్తుల వరస తయారవుతుంది, మీరు వెతికే 'రామ' అందులో ఉండదు. మళ్లీ అదే సమస్య, తప్పు జరిగినా చప్పుడు లేదు. అందుకని ప్రతి రీడ్_టెక్స్ట్‌లోనూ, ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ రాయండి. యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే ఫైల్ మొదట్లో నోట్‌ప్యాడ్ పెట్టే బామ్ అనే కనపడని గుర్తు ఉన్నా లేకున్నా సరిగ్గా చదువుతుంది. మొదటి బైట్ ఎఫ్ఎఫ్ దగ్గరే ఎర్రర్ వస్తే అది యూటీఎఫ్-16 అయ్యే అవకాశం ఎక్కువ. విండోస్ పవర్‌షెల్ 5.1లో గ్రేటర్ దాన్ గుర్తుతో రాసిన ఫైళ్లు అలాగే ఉంటాయి. పెప్ 686 ప్రకారం పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ అవుతుంది. అయినా ఎన్‌కోడింగ్ రాసే అలవాటు మానుకోవద్దు, మీ కోడ్‌ను పాత వెర్షన్‌లో నడిపేవాళ్లు ఉంటారు. ఎర్రర్స్ ఇగ్నోర్ అని పెట్టడం మాత్రం వద్దు, వెతికే మాటలోని అక్షరాలే రాలిపోవచ్చు.

పెద్ద లాగ్ ఫైళ్లకు రీడ్_టెక్స్ట్ పనికిరాదు, మొత్తం మెమరీలోకి తెస్తుంది. ఓపెన్ చేసి లైన్ లైన్‌గా చదవండి. ఎన్యూమరేట్‌ను 1 నుంచి మొదలుపెడితే లైన్ నంబర్ కూడా చేతికొస్తుంది.

పర్మిషన్‌ఎర్రర్, ఎర్ర్‌నో 13 వస్తే వెంటనే అడ్మిన్ హక్కుల కోసం పరిగెత్తకండి. విండోస్‌లో ఫోల్డర్‌ను ఫైల్‌లా తెరవబోయినా వచ్చేది అదే. లినక్స్‌లో ఇదే తప్పుకు ఈజ్‌ఎడైరెక్టరీఎర్రర్ అని సూటిగా చెబుతుంది. టీఎక్స్‌టీతో ముగిసే పేరున్న ఫోల్డర్లను కూడా ఆర్‌గ్లోబ్ పట్టుకుంటుంది కాబట్టి, తెరిచే ముందు ఈజ్_ఫైల్ చూడటం మరవొద్దు. దారి 260 అక్షరాలకు చేరుకునే లోతైన ఫోల్డర్లలో, ఫైల్ ఉన్నా లేదనే ఎర్రర్ వస్తుంది. విండోస్ 10 1607 వెర్షన్ నుంచి ఈ హద్దు తీసేయొచ్చు. పైథాన్ ఇన్‌స్టాలర్ చివరి తెరలో దానికి బటన్ ఉంటుంది.

ఏ వెర్షన్ వాడాలి

వెతికే పనికైతే 3.12 లేదా ఆపై వెర్షన్ తీసుకోండి. కారణం పాత్.వాక్. ఆర్‌గ్లోబ్‌కు 'ఈ ఫోల్డర్ లోపలికి వెళ్లకు' అని చెప్పే వీలు లేదు. నోడ్_మాడ్యూల్స్ లాంటి భారీ ఫోల్డర్ ఉంటే దాన్ని కూడా పూర్తిగా తిరిగే వస్తుంది. వాక్‌లో ఫోల్డర్ పేర్ల లిస్ట్ నుంచి దాన్ని తీసేస్తే లోపలికి వెళ్లదు. అంతకన్నా ముఖ్యం, వాక్‌కు ఆన్_ఎర్రర్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. అందులో ఒక ఫంక్షన్ ఇస్తే, తెరవలేని ప్రతి ఫోల్డర్ గురించీ అది పిలుస్తుంది. లేని ఫోల్డర్ ఇచ్చినా పిలుస్తుంది. ఆర్‌గ్లోబ్ దాచిపెట్టేది ఇది బయటపెడుతుంది. కోడ్ నాలుగు లైన్లు పెరిగినా సరే, నమ్మకంగా వెతకాల్సిన చోట నేను వాక్‌నే సిఫారసు చేస్తాను. 3.12 లేనివాళ్లకు ఓఎస్.వాక్‌లో ఇదే పని చేసే ఆన్ఎర్రర్ ఉంది. లక్షల ఫైళ్లున్న చోట అది ఆర్‌గ్లోబ్ కంటే తేలికగానూ నడుస్తుంది, ప్రతి ఫైల్‌కూ పాత్ ఆబ్జెక్ట్ తయారుచేయదు కాబట్టి.

పిప్‌తో పాత్‌లిబ్ ఇన్‌స్టాల్ చేయొద్దు. పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే పైపైలో ఆ పేరుతో ఉన్నది పాత పైథాన్‌ల కోసం చేసిన కాలం చెల్లిన ప్యాకేజీ. అది ఉంటే, స్క్రిప్ట్‌ను విడి ప్రోగ్రామ్‌గా మార్చే పైఇన్‌స్టాలర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. మీ స్క్రిప్ట్‌కు పాత్‌లిబ్ అనో గ్లోబ్ అనో పేరు పెట్టినా అసలు మాడ్యూల్ బదులు మీ ఫైలే ఇంపోర్ట్ అవుతుంది. పేరు మార్చి మళ్లీ నడపండి.